పేరు పలకని రెండో సగం

ఫోన్‌లో ఆ ముక్క మళ్లీ మొదలైంది. ఈసారి పెట్టింది సుబ్బమ్మాళ్.

"చాలు, ఆపు" అన్నాడు చెన్నకేశవన్.

ఆవిడ ఆపలేదు. మొగుడి గొంతు, కోడలి గొంతు హాలంతా వినిపిస్తున్నాయి. బొమ్మ కింద తమిళ అక్షరాలు పరుగెడుతున్నాయి. పొద్దున లేచింది మొదలు ఆ ఇంట్లో కాఫీ ముట్టినవాళ్లు లేరు.

"ఆ పోదనూరు పాపకిస్తే ఎల్లుండి పంక్తిలో ఎవుర్ని కూచోబెట్టేది? నెయ్యి ఎవురి ఆకులో వేసేది? పాయింట్లు వేస్తా ఉండేది వైష్ణవి గదా, ఆ పాప పేరే చెప్పు అమ్మిణీ." ఇది చెన్నకేశవన్.

"సరే మామా. నేను చూసుకుంటా." ఇది కోడలు శ్రీరంజని.

అంతే ముక్క. నిన్న ఆఖరి లీగ్ ఆట మధ్యలో విరామమప్పుడు కామెంటరీ బల్ల దగ్గర అన్న మాటలు. కోయంబత్తూరులో బాస్కెట్‌బాల్ బంతి పట్టిన ప్రతివాళ్ల ఫోన్‌లోకీ పొద్దుటికల్లా చేరిపోయాయి.

"అరవంలో రాసినారే" అంది సుబ్బమ్మాళ్. "అరవవాళ్లకి మన మాట ఎట్ల తెలిసె?"

"ఆ పోదనూరు వాళ్లు అరవవాళ్లు కాదమ్మా" అన్నాడు కొడుకు జగదీష్, తల ఎత్తకుండానే. "వాళ్లింట్లో మాట్లాడేదీ తెలుగే."

"వాళ్లదా?"

"వాళ్లదే. మనం ఎన్నాళ్లుగా ఈడ ఉండామో వాళ్లూ అన్నాళ్లుగా ఉండారు."

"ఆ తెలుగు వేరే" అన్నాడు చెన్నకేశవన్.

"వేరే అయితే అర్థమయ్యేది కాదు గదప్పా."

తుడియలూరులో పంపుసెట్ల వర్క్‌షాపు నడిపే మనిషి, అరవై మంది మీద గొంతెత్తే మనిషి, కండువా తీసి మళ్లీ అదే భుజాన వేసుకున్నాడు.

ఆ బాస్కెట్‌బాల్ కప్పు ఆయన తండ్రి పేరు మీద నడుస్తోంది. ఏటా ఆడపిల్లల జట్లు ఆడతాయి. ఫైనల్ అయిన మర్నాడు మేటి ఆటగత్తెను ఇంటికి పిలిచి, మొదటి పంక్తిలో ఇంటి పెద్ద పక్కనే ఆకు వేసి, ఇంటావిడ తన చేత్తో నెయ్యి వడ్డించాలి. పెద్దాయన పెట్టిపోయిన ఆచారం. ఎంత గొప్ప ఇల్లు, ఎంత మంచి మనసు అని ఊరు చెప్పుకునేది. ఇన్నేళ్లలో ఎవరి పక్కన కూర్చోవడానికీ ఇంటి పెద్దకు ఇబ్బంది కలగలేదు. ఇబ్బంది పెట్టే ఇంటి పిల్లకు మేటి ఆటగత్తె అన్న పేరు ఎప్పుడూ రాలేదు మరి.

ఈ ఏడు వచ్చేలా ఉంది. పోదనూరు రైల్వే కాలనీ వెనకాల వీధిలో పుట్టిన ఇందుజకు. వాళ్ల నాన్న పేరు వేలు, స్టేషన్లో ప్లాట్‌ఫారాలు కడిగే పనిలో ఉన్నాడు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి చెన్నకేశవన్‌కు ముద్ద దిగడం లేదు.

శ్రీరంజని భోజనాల బల్ల దగ్గర నిలబడే ఉంది. ఒకప్పుడు ఈ కప్పులోనే ఆడిన పిల్ల. ఇప్పుడు దీనికి తమిళంలో కామెంటరీ చెబుతుంది. ఆమె గొంతు కోసమే ఆటను ఫోన్లలో చూసేవాళ్లున్నారు.

ఆ గొంతే కొంప ముంచింది. మైకు ముందు తమిళంలో పక్కమాట ఆడాల్సి వస్తే ఆమె వేలు దానంతటదే మ్యూట్ బటన్ మీదికి పోయేది. నిన్న పోలేదు. తెలుగు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. అనుకోవడం కూడా కాదు, అసలు ఆ ఆలోచనే రాలేదు. ఈ ఇళ్లల్లో పుట్టినవాళ్లకు ఉగ్గుపాలతో వచ్చే ధీమా అది. బట్టల కొట్లో, బస్సులో, డాక్టరు గదిలో, ఎదుటి మనిషి గురించి ఆ మనిషి మొహం మీదే మాట్లాడుకుని నవ్వుకుంటారు. ఆ ఎదుటి మనిషి ఇంట్లోనూ అదే మాట పలుకుతుందేమో అని ఎవరూ అడిగి చూడరు.

జగదీష్ తన ఫోన్ బల్ల మీద భార్య వైపు జరిపాడు.

"సాయంత్రం ఫైనల్లో ఇది చదువు."

తమిళంలో నాలుగు వాక్యాలు. ఆ గొంతు మాది కాదు, ఎవరో కంప్యూటర్‌తో తయారుచేశారు, చట్టప్రకారం చర్య తీసుకుంటాం, అభిమానులు నమ్మవద్దు.

"ఇది నేను చదవాలా?"

"నువ్వే చదవాల. ఇప్పుడు ఎవురి గొంతునైనా చేస్తా ఉండారు. నమ్మేవాళ్లు నమ్ముతారు. మిగతావాళ్లు రెండు రోజులు అరిచి గమ్మున ఉంటారు."

"ఆ అక్షరాలు వేసినవాళ్లు?"

"ఇందుజ అన్న శబరి వేసినాడంట. వాడి మీద కంప్లైంట్ ఇస్తాము. భయపడి తీసేస్తాడు."

"నా గొంతు నాది కాదని నా నోటితోనే చెప్పమంటారు."

"ఒక్క నిమిషం పనిది, రంజనీ."

చెన్నకేశవన్ అప్పుడు కోడలి వైపు తిరిగాడు. "నేనేమి తప్పు అంటిని? ఎవుర్నైనా తిట్టితినా? ఒక చెడ్డ మాట ఉండాదా అందులో?"

"తిట్టలేదు మామా. పక్కన కూచోబెట్టుకోలేము అని మాత్రం అంటిరి."

ఆ ఇంటికి వచ్చాక మామగారికి ఎదురు చెప్పడం ఆమెకు ఇదే మొదలు. సుబ్బమ్మాళ్ చేతిలో ఫోన్ ఆగిపోయింది.

ఆయనకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. చాలా మెల్లగా అన్నాడు.

"నువ్వు సరే అంటివి గదా అమ్మిణీ."

శ్రీరంజని తన ఫోన్ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

సరే అనడమే కాదు, చేసి చూపించింది కూడా. ఆ సంగతి ఆ ముక్కలో లేదు. ఆమెకే తెలుసు.

కామెంటరీ నేర్చుకోవాలనుకునే కాలేజీ పిల్లలకు ఆమె నేర్పే మొదటి పాఠం ఒకటుంది. బంతి పట్టుకున్నవాళ్లను కెమెరా ఎలాగూ చూపిస్తుంది, ఆ బంతి అక్కడికి ఎవరి వల్ల వచ్చిందో చెప్పడానికే మనమున్నాం అని. నిన్న రెండో సగంలో ఆ పాఠాన్ని తలకిందులు చేసింది. వైష్ణవి బుట్టలో వేసినప్పుడల్లా పేరు నిండుగా పలికి, ఆ తర్వాత నోరు మూసుకుని, జనం కేకలు పూర్తిగా వినపడనిచ్చింది. కామెంటరీ చెప్పేవాళ్లు ఆటగాళ్లకు ఇవ్వగలిగిన అతి పెద్ద బహుమతి ఆ మౌనం. ఎదుటి జట్టులో ఇందుజ బంతి లాక్కున్నా, ముగ్గురి మధ్య నుంచి పాస్ దాటించినా, "ఏడో నంబరు, పాస్, రెండు పాయింట్లు" అని తేల్చేసింది.

అబద్ధం ఒక్కటీ ఆడలేదు. అందుకే అది అంత బాగా పనిచేసింది.

*

ఇండోర్ హాల్లో కామెంటరీ బల్ల దగ్గర తోటి కామెంటేటర్ దినకరన్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ ఆమె కుర్చీ కూడా తుడిచిపెట్టేవాడు. ఈరోజు తుడవలేదు.

"నాలుగేళ్లుగా నీ పక్కన కూర్చుంటున్నాను" అన్నాడు తమిళంలో. "నా గురించి కూడా తెలుగులో ఏమైనా అనుకున్నారా?"

"లేదు దినా."

"అనుకున్నా నాకు తెలీదులే."

అతను హెడ్‌సెట్ పెట్టుకున్నాడు.

నీళ్ల క్యాన్ల దగ్గర ఇందుజ ఒక్కతే సీసా నింపుకుంటోంది. శ్రీరంజని కాళ్లు అటు నడిచాయి. ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. పిల్ల చూసింది. సీసా నిండనిచ్చింది.

"చెప్పండి మేడం" అంది తమిళంలో.

"నిన్నటి మాట..."

"మా అన్న వీడియో పెట్టింది నాకు తెలీదు. మీరు కంప్లైంట్ ఇస్తారని చెప్పుకుంటున్నారు. వాడికి పెయింటు పని ఉంది, పోలీసు స్టేషన్లకు తిప్పకండి."

"అందుకు రాలేదమ్మా" అంది శ్రీరంజని. ఆ మాట తెలుగులో వచ్చింది.

ఇందుజ మూత బిగించి నిలబడింది. తర్వాత తనూ తెలుగులోనే అంది. అచ్చం శ్రీరంజని ఇంట్లో మాట్లాడే తెలుగే. ఆ సాగదీత, ఆ తెగ్గొట్టడం, అన్నీ అవే.

"మా అవ్వ ఆరాయికి కండ్లు సరిగా తెలీవు. నేను ఆడితే ఫోన్ చెవికాడ పెట్టుకొని మీ గొంతు వింటుంది. మీరు చెప్పితే ఆటంతా కనపడుతుంది అంటాది. నిన్న మధ్యలో మీరు తెలుగు మాట్లాడితిరి గదా. మన మాట వస్తా ఉండాది, ఫోన్లో మన మాట వస్తా ఉండాది అని వీధిలో అందర్నీ కేకేసి పిలిచెనంట. అందరూ వచ్చిరి. వచ్చినాక విన్యారు."

శ్రీరంజని క్యాను పట్టుకుంది.

"అది పరవాలే అక్కా. అట్లాంటి మాటలు మా అవ్వకి కొత్త కాదు" అంది ఇందుజ. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇంటికి పోతే అవ్వ ఒక్కటే అడిగె. రెండో సగంలో నిన్ను ఏంటికి బయట కూచోబెట్టిరి పాపా అని. నేను ఆడితిని అవ్వా, కడదాకా ఆడితిని అన్నా. నమ్మలే. పేరు రాలేదే అంటాది."

హాల్లో బంతులు కొడుతున్న చప్పుడు.

"మేటి ఆటగత్తె అని పేరొస్తే రైల్వే జట్టువాళ్లు ట్రయల్‌కి పిలుస్తారని మా నాయన ఆశ. నాకు మీ ఇంటి సాపాటు అక్కర్లే. ఆడింది ఆడినట్టు చెప్పండి, చాలు."

వెళ్లిపోయింది. శ్రీరంజనికి క్షమించమని అడిగే సందు కూడా దొరకలేదు. దొరికినా ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

*

మళ్లీ అవే రెండు జట్ల మధ్య ఫైనల్ మొదలయ్యే ముందు జగదీష్ బల్ల దగ్గరికి వచ్చి వంగాడు. "చదువు."

"ఆట అయినాక."

"అప్పా ముందు వరసలో కూచోని ఉండాడు."

"చూస్తిని. ఆట అయినాక."

అతను వెళ్లకుండా వెనకే నిలబడ్డాడు.

ఆ సాయంత్రం శ్రీరంజని చెప్పినట్టు అంతకుముందు ఎన్నడూ చెప్పలేదు. ఇందుజ బంతి అందుకునే లోపలే పేరు చెప్పింది. కన్ను ఎటు చూస్తోందో, చేయి ఎటు పోతోందో, ఎవరిని మోసం చేసి ఎవరికి దారి ఇచ్చిందో విడమరిచి చెప్పింది. పోదనూరులో ఒక ముసలావిడ చెవి దగ్గర ఫోన్ ఉందన్న ఒక్క ఆలోచనతోనే చెప్పింది. వైష్ణవినీ తగ్గించలేదు. ఆ పిల్ల బాగానే వేసింది, గెలిచిందీ ఆ పిల్ల జట్టే. కానీ చివరిదాకా ఆ గెలుపును ముళ్ల మీద నిలబెట్టింది ఇందుజ.

ఆట అయ్యాక శ్రీరంజని, దినకరన్, లోకేశ్వరి స్కోరు బల్ల వెనక చేరారు. మేటి ఆటగత్తెను తేల్చేది లోకేశ్వరి. శ్రీరంజనికి చిన్నప్పుడు ఆట నేర్పిన కోచ్. కామెంటరీ చెప్పిన ఇద్దరినీ అడిగి ఆవిడ తేలుస్తుంది. ఎవరి సిఫార్సూ వినే మనిషి కాదు.

"ముందే చెబుతున్నా" అంది ఆవిడ తమిళంలో. "మీ మామగారు ఏమన్నారో నాకు అనవసరం. ఎవరి ఇల్లు ఎక్కడో నాకు అనవసరం. ఆట మాత్రమే చెప్పండి."

"వైష్ణవి" అన్నాడు దినకరన్. "అన్ని మ్యాచుల్లోనూ ఎక్కువ పాయింట్లు. కప్పు గెలిచిన జట్టు. అమెరికా బాస్కెట్‌బాల్‌లో కూడా ఏటా ఇదే తగువు, చివరికి చూసేది గెలుపే కదా."

"ఆ తగువు ఎందుకుందంటే పాయింట్లు అన్నీ చెప్పవు గనకే" అంది శ్రీరంజని. "విలువైన ఆటగత్తె అంటే ఎవరు? ఆ మనిషిని తీసేస్తే జట్టు ఏమవుతుందో చూడాలి. వైష్ణవి బెంచీ మీద కూర్చున్నప్పుడు కూడా వాళ్ల జట్టు ఆధిక్యం నిలబెట్టుకుంది. ఇందుజ రెండు నిమిషాలు కూర్చుంటే వీళ్ల జట్టుకు బంతి కోర్టు సగం దాటలేదు."

"పాస్ అందుకుని వేసేవాళ్లు లేకపోతే పాస్ ఎందుకు?"

"వేయలేని పిల్లల చేత కూడా ఆ పిల్ల వేయించింది దినా. నువ్వూ చూశావు."

"నిన్నటి ఆటలో అంతగా కనిపించలేదు" అన్నాడు దినకరన్.

లోకేశ్వరి తలూపింది. "నాకూ అదే. నిన్న నేను మధురై నుంచి వస్తున్నాను. మాట్టుతావణి బస్టాండులో బస్సెక్కిన దగ్గర్నుంచి ఫోన్ పెట్టుకున్నాను. బొమ్మ ఆగి ఆగి వచ్చింది. నీ గొంతు మాత్రం ఆగలేదు. ఆ రెండో సగమంతా వైష్ణవిదే అని నువ్వే చెప్పావు కదమ్మా."

"టీచర్, నిన్న నేను కావాలనే ఇందుజ పేరు చెప్పలేదు. ఆ పిల్ల నిన్న కూడా ఇలాగే ఆడింది. దాచింది నేను."

లోకేశ్వరి ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. చిన్నప్పుడు తప్పు అడుగు వేస్తే చూసినట్టే.

"నిన్న కావాలని చెప్పలేదు అంటున్నావు. ఇవాళ కావాలని ఎక్కువ చెప్పలేదని నేనెలా నమ్మేది?"

శ్రీరంజని నోరు తెరిచేలోపే ఆవిడే అందుకుంది.

"పొద్దుట్నుంచి ఊరంతా నిన్ను తిడుతోంది. ఇవాళ ఆట మొదలైన దగ్గర్నుంచి నువ్వు ఆ పిల్ల పేరే జపించావు. భయంతో చెప్పావో, ప్రాయశ్చిత్తంగా చెప్పావో, నిజమే చెప్పావో నాకు తేడా తెలియడం లేదు. ఈ రెండు ఆటల్లో నీ ఏ మాట పట్టుకోను? అందుకే అంకెలు పట్టుకుంటున్నాను." ఆవిడ కళ్లజోడు తీసింది. "నీ గొంతు మీద నాకున్న నమ్మకం ఎవరి మీదా లేదు రంజనీ. నిన్నటిదాకా."

"టీచర్, ఒక్కసారి నిన్నటి వీడియో పూర్తిగా..."

"కలెక్టరాఫీసు నుంచి అతిథి వచ్చి కూర్చున్నారు. ఇప్పుడు టైం లేదు. వైష్ణవి. నువ్వే ప్రకటించు."

నిజాయితీపరురాలు నిజాయితీగా తీర్పు చెప్పింది. చెన్నకేశవన్ ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేకపోయింది. ఆయన కోరింది కోడలి నోటి పుణ్యమా అని జరిగిపోయింది.

శ్రీరంజని, ప్రకటన కోసం హాలు స్పీకర్లకు కూడా కలిపిన మైకు ముందు కూర్చుని, వైష్ణవి పేరు ప్రకటించింది. నిండుగానే చెప్పింది, ఆ పిల్ల తప్పేముంది? చప్పట్లు మోగాయి. వైష్ణవి జట్టు పిల్లలు ఆమెను ఎత్తుకున్నారు. ఓడిన జట్టు వరసలో ఇందుజ కూడా చప్పట్లు కొట్టింది. వెనక గ్యాలరీలో ఇందుజ నాన్న వేలు లేచి, చేతిసంచి తీసుకుని, కూతురి కోసం మెట్ల దగ్గర నిలబడ్డాడు.

ముందు వరసలో చెన్నకేశవన్ మొహం తేటపడింది. జగదీష్ వంగి తన ఫోన్ ఆమె ముందు పెట్టాడు. తెర మీద ఆ నాలుగు వాక్యాలు వెలుగుతున్నాయి.

"ఇప్పుడు చదువు. అంతా బాగానే ముగిసె."

ఆమె ఫోన్ బోర్లా తిప్పింది. మైకు దగ్గరికి లాక్కుంది. వేలు బటన్ దరిదాపులకు కూడా పోలేదు.

"ఆరాయవ్వా" అంది తెలుగులో.

చప్పట్లు తగ్గాయి. ఆ హాలు స్పీకర్లలో ఆ భాష ఎవరూ విని ఉండరు. దినకరన్ హెడ్‌సెట్ తీసి చూశాడు. ఆట స్థలం మధ్యలో ఇందుజ ఆగిపోయింది.

"మీరు వింటా ఉంటారని చెప్పిరి. నిన్న రెండో సగంలో మీ మనవరాలిని ఎవురూ బయట కూచోబెట్టలే. కడదాకా ఆడె. బంతి ఆ పాప చేతినుంచే పోతా ఉండె. నేనే పేరు చెప్పలే అవ్వా. ఏంటికి చెప్పలేదంటే..."

"రంజనీ" అన్నాడు జగదీష్.

"ఆ ఫోన్లో విన్న గొంతు..."

అతను బల్ల కిందికి వంగి తీగ లాగేశాడు. స్పీకర్లు చచ్చిపోయాయి. మైకు మీద ఎర్రదీపం ఆరింది.

"...నాదే" అంది శ్రీరంజని.

ఆ మాట ముందు వరస దాటలేదు. చెన్నకేశవన్ విన్నాడు. ఆయన లేచి బల్ల వైపు నడుస్తుంటే పక్కనున్నవాళ్లు దారి ఇచ్చారు. ఆమె ఆపకుండా, గొంతు పెంచకుండా, మిగతాది కూడా ఆ ఆరిపోయిన మైకులోనే చెబుతూ పోయింది. ఆ మాట ఎక్కడ తెగిందో, పోదనూరులో ఆ ముసలావిడ చెవికి ఎంతవరకు చేరిందో చెప్పగలవాళ్లు ఆ హాల్లో ఎవరూ లేరు.